ఆకు తర్వాత ఏమిటి, మేడం?

చేతిలో మందారాకు పట్టుకుని ఆ స్కూలు గేటు ముందు నిలబడ్డ క్షణంలో, లోపల ఏడో తరగతి బీ సెక్షన్ నా కోసం కాచుకుని కూర్చుందని నాకు తెలియదు.

తెలిసుంటే వేరే ఆకు తెచ్చుకునేదాన్ని.

గేటు మీద బోర్డు లారీ అంత ఉంది. 'మహామేధ ఇంటర్‌గెలాక్టిక్ టెక్నో స్కూల్'. మా కాకినాడలో ఇంటర్నేషనల్ స్కూళ్ళు వీధికి రెండున్నాయి కాబట్టి వీళ్ళు ఇంకాస్త పైకి వెళ్ళారు. వేరే గ్రహాల నుంచి అడ్మిషన్లు ఇంకా మొదలైనట్టు లేదు. లోపల కనిపించిన పిల్లలంతా జగన్నాథపురం, గాంధీనగరం వాళ్ళలాగే ఉన్నారు.

నా పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బీఈడీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. శనివారం అనపర్తి నుంచి మా మేనమామ వీర్రాజు వస్తున్నాడు. ఆయనకి అక్కడ కోళ్ళ ఫారం ఉంది. ఈలోగా నాకు టీచరు ఉద్యోగం దొరక్కపోతే, ఆయనతో వెళ్ళి గుడ్ల గ్రేడింగ్ చూసుకోవాలని ఇంట్లో తీర్మానమైంది. పెద్ద గుడ్డు ఒక అట్టలో, చిన్న గుడ్డు ఒక అట్టలో. జీవితాంతం.

"తప్పేముందే అమ్మాయ్? కోళ్ళు డౌట్లడగవు," అని మావయ్య ఫోన్లో భరోసా కూడా ఇచ్చాడు.

నాకు డౌట్లడిగేవాళ్ళే కావాలి. నా బాధంతా అదే.

వాచ్‌మన్ సింహాచలం నా మొహం చూడలేదు. చెయ్యి చూశాడు.

"ఆకేనేటమ్మా?"

"మందారం."

"సైన్సన్నమాట. ఈ నెల మందారాలు మరీ ఎక్కువొచ్చేసినాయి. మొన్న ఒకాయన అరిటాకు తెచ్చినాడు. మద్దినం దాంట్లోనే బోంచేసి ఎల్లిపోనాడు."

గేటు పక్కన ఒక మొక్క ఉంది. మొక్క అనడం మర్యాద, నిజానికి పుల్లల కట్ట. అది కూడా మందారమేనట. ఇంటి దగ్గర ఆకు మర్చిపోయి వచ్చిన క్యాండిడేట్లు కోసుకోగా కోసుకోగా అలా అయిందట.

లోపల బెంచీ మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఆకులే. క్రోటన్, జామ, వేపరెమ్మ. ఒకామె కరివేపాకు తెచ్చుకుంది. దీనికి కారణం ఉంది. బీఈడీ కాలేజీలో ఆఖరి రోజున మా లెక్చరరుగారు తలుపు వేసి మాకో రహస్యం చెప్పారు. డెమో క్లాసంటే కళ్ళు మూసుకుని కిరణజన్య సంయోగక్రియ చెప్పెయ్యాలి. పేరు గంభీరంగా ఉంటుంది, బోధనోపకరణం చెట్టుకే దొరుకుతుంది. ఈ రహస్యం మా కాలేజీకే తెలుసనుకున్నాను. ఆ బెంచీ చూశాక అన్ని కాలేజీల్లోనూ తలుపులున్నాయని తెలిసింది.

అప్పుడు అకడమిక్ డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు ప్రవేశించారు. బయట ఉక్కకి కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఆయన మాత్రం కోటు, టై వేసుకుని ఉన్నారు.

"ఫ్రెండ్స్! ముందుగా మీ డెమో జర్నీకి కంగ్రాచ్యులేషన్స్. ఒక్క ప్రశ్న. టీచరు జీవితంలో బెస్టు క్లాసు ఏది?"

అందరం మా మా ఆకుల వైపు చూసుకున్నాం.

"డెమో క్లాసు! ఆ రోజు గొంతు ఖంగుమంటుంది. చీర ఇస్త్రీగా ఉంటుంది. పిల్లల్ని నాన్నా, బంగారం అని పిలుస్తారు. మరి ఉద్యోగం వచ్చాక?" ఆయన కళ్ళు మూసి, తల పక్కకి వాల్చి, చిన్నగా గురక పెట్టారు. బాగా చేశారు. "మా రీసెర్చ్ వింగ్ ఈ సమస్యని లోతుగా స్టడీ చేసింది. రోగానికి మూలం ఉద్యోగమేనని తేలింది. కనుక మేం ఉద్యోగాలు తీసేశాం."

"అంటే... స్కూల్లో టీచర్లే లేరా సార్?" అంది కరివేపాకు.

"ఎందుకు లేరు? మీరు లేరూ? రేపు ఇంకొకరు ఉండరూ? ప్రతి పీరియడుకీ కొత్త ముఖం. ప్రతి పీరియడూ డెమో. అంటే ప్రతి పీరియడూ బెస్టు పీరియడే! దీన్ని మేం నిత్యనూతన బోధనా ఎకోసిస్టమ్ అంటాం. పేరెంట్స్ ఫీడ్‌బ్యాక్ అద్భుతం."

"మరి పర్మనెంటు..." అని వేపరెమ్మ మొదలుపెట్టాడు.

డైరెక్టరుగారు గబుక్కున చుట్టూ చూశారు. "ప్లీజ్! పిల్లలు తిరిగే చోటు."

తర్వాత నిబంధన వివరించారు. ఒక మనిషికి ఒకే ఒక్క డెమో. రెండోసారి చెబితే పాఠం అలవాటవుతుంది. అలవాటైతే... మళ్ళీ తల వాల్చి చూపించారు. క్యాండిడేట్లు రిసెప్షన్లో ఉన్న ట్యాబ్‌లో పేరు కొట్టాలి. ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ వస్తే అది ఎర్రగా వెలిగి కుయ్యిమంటుంది.

"రిజల్టు ఎప్పుడు తెలుస్తుంది సార్?" అని నేనడిగాను.

"తెలియజేస్తాం," అన్నారాయన. ఆ మాట ఆయన గొంతులోంచి రికార్డు చేసినట్టు వచ్చింది.

నేను లేచి వెళ్ళిపోవాల్సింది. కానీ శనివారం కళ్ళ ముందు మెదిలింది. శనివారం వెనకాల గుడ్లు మెదిలాయి. ట్యాబ్‌లో పేరు కొట్టడానికి లేచాను.

పేరు పెట్టెలో ఇంటిపేరు మొదటి అక్షరం, ఇంకొక్క పేరు, అంతే పడుతున్నాయి. 'కె. హైమవతి' అని కొట్టాను. 'స్వాగతం, ఏడు బీకి వెళ్ళండి' అంది.

ఏడు బీ సంగతి సింహాచలం ముందే చెప్పాడేమో, బెంచీ మీద వాళ్ళంతా నన్ను జాలిగా చూశారు.

*

"గుడ్ మార్నింగ్, డెమో మేడం!"

ఒకే గొంతులా వచ్చింది. అలవాటైన గొంతు. వరసల్లో చేతులు కట్టుకుని కూర్చుని, సినిమా మొదలవడానికి ముందు ప్రేక్షకులు చూసినట్టు చూస్తున్నారు. మొదటి బెంచీలో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి క్లాసు లీడరు. పేరు రిజ్వానా.

నేను చిరునవ్వు నవ్వాను. వీపు వెనక దాచుకున్న ఆకుని నాటకీయంగా పైకెత్తాను.

"కిరణజన్య సంయోగక్రియ!" అంది క్లాసంతా.

"నేనింకా ఏమీ అడగలేదర్రా."

"ఇప్పుడడుగుతారు మేడం," అంది రిజ్వానా ఓపిగ్గా. "ఇది ఏమిటి నాన్నా అంటారు. ఆకు అంటాం. ఇది ఏ రంగులో ఉంది బంగారం అంటారు. ఆకుపచ్చ అంటాం. ఎందుకో తెలుసా అంటారు. మేం తెలియనట్టు మొహం పెడతాం. పెట్టమంటారా?"

పెట్టి చూపించారు. క్లాసు క్లాసంతా ఒక్కసారిగా అమాయకమైపోయింది.

నేను తడబడి బోర్డు వైపు తిరిగాను.

"మేడం, వీపు!" అని వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు హెచ్చరించాడు. "బోర్డుకి పక్కగా నిలబడి రాయాలి. లేకపోతే మార్కు పోద్ది."

"ఎవరు తీసేస్తారు?"

"మేమే."

ఆ కుర్రాడి పేరు జోయెల్. వాడి దగ్గర ఎన్ని క్లాసుల అనుభవముందో నా దగ్గర అందులో ఒక్కటి కూడా లేదు. ఆకులో పత్రహరితం, సూర్యరశ్మి, నీరు, బొగ్గుపులుసు వాయువు అని నేను చెబుతూ పోతుంటే, వాళ్ళు నాకంటే ఒక మాట ముందు నడుస్తున్నారు. 'అంటే ఆకు అనేది మొక్కకి' అని నేను ఆగగానే, 'వంటిల్లు!' అన్నారు. ఆ పోలిక నేను సొంతంగా కనిపెట్టాననుకుంటున్నాను అప్పటిదాకా.

"సరే," అన్నాను చేతిలోని చాక్‌పీసు కింద పెట్టి. "ఇదంతా మీకొచ్చు. మరి దీని తర్వాత పాఠం ఏమిటి?"

ఈసారి వాళ్ళు మొహాలు పెట్టలేదు. నిజంగానే తెలియదు.

"తర్వాత కూడా ఉంటుందా మేడం?" అంది రిజ్వానా.

"ఉండదా మరి?"

"తర్వాత బెల్లు కొడతారు. ఇంకో మేడం వస్తారు. ఆకు తెస్తారు."

జోయెల్ లేచి నిలబడ్డాడు. వాడి మొహంలో ఎన్నాళ్ళుగానో దాచుకున్న అనుమానం ఉంది. "మేడం, ఆకు వంట చేస్తది కదా? రోజూ చేస్తానే ఉంటది కదా? మరి ఆ వండిందంతా ఎవరు తింటారండి?"

బీఈడీలో ఇన్నాళ్ళు చదివింది ఈ ప్రశ్న కోసమేనని నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచాను.

బెల్లు కొట్టారు.

"రేపు చెప్తాను," అన్నాను.

ఎవరిదో పెన్సిలు కింద పడి దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"రేపా?" అంది రిజ్వానా. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "రేపు అంటే... మళ్ళీ మీరేనా?"

ఆ స్కూల్లో ఆ మాట అంతవరకూ ఏ టీచరూ అనలేదని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. పిల్లలకి మాటిచ్చేశాను. ఆ మాట నిలబెట్టుకోవడం ఆ స్కూలు నిబంధనల ప్రకారం నేరం.

*

మా గోదావరి జిల్లాల్లో బిడ్డ పుడితే, మొక్కుకున్న దేవుళ్ళందరికీ పేరులో వాటా ఇస్తారు. మా నాయనమ్మ ఎవరినీ వదల్లేదు. ఆధార్ కార్డులో నా పూర్తి పేరు కర్రి నాగ వెంకట సత్య సూర్య హైమవతి. పరీక్ష ఫారాల్లో నా పేరు ఎప్పుడూ గీతలు దాటి పక్కవాళ్ళ ఇంట్లోకి వెళ్ళినట్టుండేది. ఇరవై మూడేళ్ళు ఈ పేరుని తిట్టుకున్నాను.

మంగళవారం ఉదయం మొదటిసారి నాయనమ్మకి మనసులో దణ్ణం పెట్టుకుని, ట్యాబ్‌లో 'కె. నాగ' అని కొట్టాను. సబ్జెక్టు తెలుగు. క్లాసు ఏదైనా ఫర్వాలేదా అని అడిగింది. ఏడు బీ కావాలని నొక్కాను. ఆ క్లాసుని కోరి అడిగినవాళ్ళు అంతకుముందు లేరేమో, అది కాసేపు ఆలోచించింది.

అంతకుముందు గేటు దగ్గర, పేరు నాగ అని చెబితే సింహాచలం ఆధార్ చూశాడు. నన్ను చూశాడు.

"నిన్న మందారం నువ్వేకదేటి?"

"కార్డులో నాగ అని ఉందా లేదా?"

అతను వేలు పెట్టి చదివాడు. "ఉందిలే."

"మరింకేం?"

"నాకేటి? కార్డు ఉన్నాదా లేదా అని చూడమన్నారు గానీ మొకం చూడమన్లేదు. ఎల్లమ్మా."

నేను క్లాసులో అడుగుపెట్టగానే జోయెల్ ఎగిరి లేచాడు. "హైమవతి మేడం వచ్చే..."

రిజ్వానా వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తలుపు పైనున్న కెమెరా వైపు కళ్ళతోనే చూపించింది. "కొత్త మేడంరా. గుడ్ మార్నింగ్, డెమో మేడం! మీ పేరేంటి మేడం?"

"నాగ. మీకు తెలుగు చెప్పడానికొచ్చాను."

క్లాసంతా అమాయకమైన మొహం పెట్టింది. ఈసారి ఆ మొహాలు చూసి నాకు ఎంతో ముద్దొచ్చింది.

బోర్డు మీద 'కిరణజన్య' అని రాశాను. పక్కగా నిలబడే రాశాను. కిరణాల వలన జన్యమైనది, పంచమీ తత్పురుష సమాసం. సమాసం విడదీసిన చోట ఒక గొంగళిపురుగు బొమ్మ వేశాను. ఆకు వండింది ముందు తినేది ఇదర్రా అన్నాను. జోయెల్ తన నిన్నటి ప్రశ్నకి సమాధానం దొరికినందుకు బల్ల మీద చెయ్యి కొట్టి, వెంటనే తెలుగు క్లాసు గుర్తొచ్చి, "మరి గొంగళిపురుగు ఏ సమాసం మేడం?" అన్నాడు.

"గొంగళిపురుగుని ఎవరు తింటారు మేడం?" అని ఇంకెవరో.

"రేపు," అన్నాను.

బుధవారం 'కె. వెంకట' డ్రిల్లు టీచరు. గ్రౌండులో సగంమందిని మిడతల్ని చేశాను, పదిమందిని కప్పల్ని చేశాను, రిజ్వానాని పాముని చేశాను. విజిల్ వేశాను. పాము కళ్ళజోడు ఊడిపోకుండా పట్టుకుని కప్పల్ని తరిమి తరిమి పట్టుకుంది. పై అంతస్తు కిటికీలోంచి డైరెక్టరుగారు మెచ్చుకోలుగా బొటనవేలు చూపించారు. అంత దూరం నుంచి ఆయనకి మేం జంతువుల్లా కనిపించి ఉండం, క్రమశిక్షణలా కనిపించి ఉంటాం.

గురువారం 'కె. సత్య' లెక్కల టీచరు.

"ఒక మిడత రోజుకి రెండాకులు తింటుంది. ఒక కోడి రోజుకి పది మిడతల్ని తింటుంది. కోడికి ఎన్ని ఆకులు కావాలి?"

"ఇరవై!"

"కోడి ఆకులు తినదు కదా మేడం?" అన్నాడు జోయెల్.

"తినదు. కానీ ఆకుల మీదే బతుకుతుంది. అదీ సంగతి."

వాడు కూర్చోలేదు. కిటికీలోంచి గేటు వైపు చూస్తున్నాడు. "మేడం, మరి మన గేటు కాడ చెట్టుకి ఒక్కాకు లేదు. డెమో వాళ్ళందరూ కోసేసుకున్నారు. దానికి వంటెవరు చేస్తారండి?"

ఆ ప్రశ్నకి 'రేపు' అనడానికి నాకు నోరు రాలేదు. అవసరం కూడా పడలేదు. శుక్రవారం ఉదయం వచ్చేసరికి పుల్లల కట్ట చుట్టూ తాడు కట్టి ఉంది. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది.

'ఆకులు కోయరాదు. చెట్టు వంట చేసుకుంటోంది. ఇట్లు, ఏడు బీ.'

దాని ముందు ఆ రోజు క్యాండిడేట్లు ఇద్దరు ముగ్గురు ఖాళీ చేతులతో దిక్కుతోచక నిలబడ్డారు. "కనీసం ఎండుటాకైనా ఇవ్వండి బాబూ," అని ఒకాయన సింహాచలాన్ని బతిమాలుతున్నాడు.

*

శుక్రవారం నాకు మిగిలింది ఒక్క 'సూర్య'. మర్నాడే మావయ్య. ఆ శుక్రవారమే స్కూలుకి 'విద్యారత్న శిఖర పురస్కారం' జ్యూరీ వస్తోందని నాకెవరూ చెప్పలేదు.

జ్యూరీకి పెద్ద ఒక రిటైర్డు ప్రొఫెసరుగారు. ఆయన వెనక శాలువాలు మోసుకుంటూ ఇద్దరు. డైరెక్టరుగారు ముందు నడుస్తూ క్లాసులు చూపిస్తున్నారు.

"ఆరు ఏ! ఏం చదువుతున్నారు?"

"కిరణజన్య సంయోగక్రియ!"

"ఎనిమిది సీ?"

"కిరణజన్య సంయోగక్రియ!"

"పదో తరగతి?"

"కిరణజన్య..." పదో తరగతి గొంతులో విరక్తి వినిపించింది.

"అద్భుతం!" అన్నారు ప్రొఫెసరుగారు. "ఆరు నుంచి పది దాకా ఒకే పాఠం! ఇంత ఏకాగ్రత నేను ఏ విద్యాసంస్థలోనూ చూడలేదు."

"హోల్ స్కూల్ ఫోకస్ అంటాం సార్," అన్నారు డైరెక్టరుగారు.

నేను ఏడు బీలో సోషల్ మేడంగా నిలబడి, కొల్లేరు కొంగల గురించి చెబుతున్నాను. తలుపు తెరుచుకుంది.

"ఏడు బీ! మీరూ కిరణజన్య సంయోగక్రియేనా?"

"అది అయిపోయింది సార్," అంది రిజ్వానా.

డైరెక్టరుగారి చిరునవ్వు అక్కడే గడ్డకట్టింది.

"అయిపోయిందా?" ప్రొఫెసరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అయిపోతే?"

"తర్వాతది సార్. ఆకు వండింది గొంగళిపురుగు, మిడత తింటాయి. మిడతని కప్ప తింటది. కప్పని పాము తింటది. పాముని నేను... కాదు, పామే నేను. అన్నిటికీ మొదలు ఆకు. అది కోసేస్తే వెనకాలోళ్ళందరూ పస్తులే."

జ్యూరీలో ఒకాయన శాలువా జారవిడిచాడు. డైరెక్టరుగారు నెమ్మదిగా గోడకి ఆనుకున్నారు. ఆయన స్కూల్లో రెండో పాఠం దొరికింది.

"ఇది మీకు ఎవరు చెప్పారు?"

పిల్లల వైపు చూశాను. వద్దర్రా అన్నట్టు తల ఊపాను.

"మా మేడం," అనేశాడు జోయెల్.

డెమో మేడం కాదు. మా మేడం. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. దొరికిపోయాను అనుకున్నాను.

"ఏ మేడం?" అన్నారు డైరెక్టరుగారు.

వాడికి తను చేసిన పని అర్థమైంది. రిజ్వానా వైపు చూశాడు. రిజ్వానా లేచి, చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"సోమవారం హైమవతి మేడం సార్. మంగళవారం నాగ మేడం. బుధవారం వెంకట మేడం. నిన్న సత్య మేడం. ఈరోజు సూర్య మేడం."

"అంటే," అన్నారు ప్రొఫెసరుగారు నెమ్మదిగా, "ఒకరికొకరు పరిచయం లేని ఐదుగురు క్యాండిడేట్లు. వేర్వేరు సబ్జెక్టులు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకున్నారు. ఒక్క అక్షరం తెగలేదు!"

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

డైరెక్టరుగారు గోడ వదిలేసి నిటారుగా నిలబడ్డారు. అంత తొందరగా కోలుకునే మనిషిని నేను చూడలేదు. "దీన్ని మేం రిలే పెడగాజీ అంటాం సార్."

శాలువా అక్కడికక్కడే కప్పేశారు. కోటు మీదే.

*

సాయంత్రం నన్ను గదికి పిలిపించారు. తలుపు వేశారు. శాలువా ఇంకా తియ్యలేదు.

"మీరు ఐదుగురూ... ఒక్కరేగా?"

"అవునండి."

"బుధవారం డ్రిల్లు ఫుటేజీ ఇప్పుడే చూశాను. కప్పల్ని తోలుతున్నది కూడా మీరే. అమ్మా, మీరు చేసింది నిత్యనూతన బోధనా ఎకోసిస్టమ్ మీద దాడి. మిమ్మల్ని బ్లాక్‌లిస్ట్ చేయాలి. ఐదు పేర్లకీ ఐదుసార్లు."

"చెయ్యండి సార్," అన్నాను. ఎలాగూ మర్నాడు అనపర్తి. "కానీ ఆ పిల్లలకి కోడి గురించి లెక్కల్లో తప్ప ఇంకా చెప్పలేదు. సగంలో ఉంది. ఎవరైనా వస్తే అక్కణ్ణుంచి చెప్పమనండి. మళ్ళీ ఆకు నుంచి మొదలెట్టొద్దని చెప్పండి."

ఆయన శాలువా కుచ్చులు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన గొంతులో రికార్డు లేదు.

"నేనిక్కడికి వచ్చి మూడేళ్ళయింది. ఛైర్మన్‌గారు మొదటి రోజున, ఓ వారం డైరెక్టరుగా డెమో ఇవ్వండి చూద్దాం అన్నారు."

"తర్వాత సార్?"

"తెలియజేస్తాం అన్నారు."

ఇద్దరం కాసేపు ఫ్యాను వైపు చూశాం.

"ఇంతకీ కోటు ఎందుకనుకున్నారు? రోజూ నాది డెమోనే కదమ్మా." ఆయన ముందుకు వంగారు. "మీకు ఉద్యోగం ఇవ్వలేను. ఉద్యోగాలు లేవనే కదా పురస్కారం ఇచ్చారు. కానీ ఐదుగురు క్యాండిడేట్లని, వారంలో ఒక్కో రోజు, ఒక్కొక్కర్ని రీ-డెమోకి పిలవచ్చు. తెలియజేసే వరకూ. నిబంధనలో రెండో డెమో వద్దన్నారు గానీ, రీ-డెమో గురించి ఏమీ లేదు. ఎందుకంటే ఆ మాట ఇప్పుడే నేను కనిపెట్టాను."

"జీతం ఉంటుందా సార్?"

"గౌరవ వేతనం. ఐదుగురికీ కలిపి ఒక మనిషి జీతమంత వస్తుంది. మీరు ఐదుగురూ గొడవపడకుండా పంచుకోవాలి మరి."

"మాలో మేం చూసుకుంటాం సార్," అన్నాను.

*

శనివారం మధ్యాహ్నం మావయ్య వ్యాను మా ఇంటి ముందు ఆగింది. వెనకాల ఖాళీ గుడ్ల అట్టలు నిచ్చెనలా పేర్చి ఉన్నాయి. నా సామాను పట్టడానికి ఒక మూల ఖాళీ చేసి మరీ తెచ్చాడు.

"ఏవమ్మాయ్, సర్దుకున్నావా? ఇంతకీ ఉద్యోగం వచ్చిందా?"

"ఐదొచ్చాయి మావయ్యా."

"ఐదే!" మావయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "మా బుజ్జిగాడికి ఒకటి రాక ఏడుత్తున్నాడు. మరి శనివారం?"

"శనివారానికి పేరు లేదు."

లోపల్నుంచి మా అమ్మ అందుకుంది. "అప్పుడే చెప్పాను అత్తయ్యగారితో, లక్ష్మి అని కూడా చేర్చండీ అని. ఎక్కువైపోద్దన్నారు! ఇప్పుడు చూడు, ఒక పూట నష్టం."

మావయ్య తేరుకోవడానికి మజ్జిగ కావలసి వచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, ఇంతకీ నేనేమైనా సాయం చెయ్యనా అన్నాడు. చెయ్యమన్నాను. అలా సోమవారం ఉదయం నేను గంపతో స్కూలుకి వెళ్ళాను.

సింహాచలం ఈసారి నా చేతి వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆకు కాదేటి?"

"కాదు. ఆకు తర్వాతది."

గేటు పక్కన పుల్లల కట్ట మీద, తాడు లోపల, గోరంత లేత చిగురు ఒకటి వచ్చింది. అట్టముక్క కింద ఎవరో కొత్తగా ఇంకో ముక్క రాశారు. 'వంట మొదలైంది.'

ఏడు బీలో గంప బల్ల మీద పెట్టి మూత తీశాను. మావయ్య ఫారంలోని తెల్ల పెట్ట మెడ సాచి క్లాసుని ఆ మూల నుంచి ఈ మూల దాకా పరిశీలించి, బోర్డుకి వీపు చూపించకుండా పక్కగా తిరిగి కూర్చుంది. పిల్లలు దానికి ఒక మార్కు వేశారు.

"మేడం," అన్నాడు జోయెల్ భయభక్తులతో, "ఇది కూడా డెమోకి వచ్చిందాండి?"

"లేదు నాన్నా. దీనిది పర్మనెంటు ఉద్యోగం."

తలుపు దగ్గర కోటులో నిలబడ్డ డైరెక్టరుగారు ఆ కోడిని చాలాసేపు చూశారు. ఒక మనిషి కోడిని చూసి అంతగా అసూయపడటం నేనెప్పుడూ చూడలేదు.